జంతు జాతుల జాబితా తయారు చేయడం: మన చెరువుగట్టు నుంచి దేశపు పట్టిక దాకా

2024 జూన్ 30న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, మన దేశంలో అప్పటివరకు నమోదైన జంతు జాతులన్నిటినీ ఒకచోట చేర్చిన పట్టికను కోల్‌కతాలో విడుదల చేసింది. అందులో 1,04,561 జాతులున్నాయి. 36 వర్గాలకు చెందిన ఆ జీవులను 121 విడివిడి జాబితాలుగా అమర్చారు. 1916లో ఏర్పడిన ఆ సంస్థలో పనిచేసిన శాస్త్రవేత్తలు, వారికంటే ముందు ఈ నేల మీద తిరిగిన పరిశీలకులు ఒక్కొక్క జీవినీ చూసి, కొలిచి, పోల్చి రాసిపెట్టిన కాగితాలే అంత పెద్ద పట్టికకు పునాది. ఒక దేశపు జంతుజాలాన్ని ఏ ఒక్కరూ, ఏ ఒక్క తరమూ జాబితా చేయలేదు. ఒక చెరువుకు, ఒక గుట్టకు, ఒక కళాశాల ఆవరణకు తయారైన చిన్న జాబితాలు పేరుకుంటూ వచ్చి దేశపు జాబితా అవుతాయి.

హైదరాబాద్‌లో ఉంటూ అటువంటి చిన్న జాబితా ఒకదాన్ని శ్రద్ధగా తయారు చేయాలనుకునే ఉపాధ్యాయులకు, విద్యార్థులకు, కాలనీ సంఘాల వారికి ఉపయోగపడాలని ఈ వ్యాసం రాస్తున్నాను. ఇందులో చెప్పబోయే పద్ధతులన్నిటికీ మూలం ఒక్కటే: జీవికి పెట్టిన పేరు రేపు మారవచ్చు కాబట్టి, ఆ పేరును ఎవరైనా తిరిగి పరీక్షించగలిగేంత ఆధారాన్ని ఈరోజే భద్రపరచాలి.

ఎందుకో చెప్పడానికి మన పెరటి తొండ చాలు. పశ్చిమాన పాకిస్తాన్ మొదలుకొని తూర్పున ఆగ్నేయాసియా దాకా కనిపించే ఈ తొండలన్నిటినీ చాలాకాలం ‘కలోటిస్ వెర్సికలర్’ అనే ఒక్క పేరుతోనే రాసుకున్నారు. వాటి డీఎన్‌ఏను, శరీర లక్షణాలను కలిపి పరిశీలించి 2021లో వెలువరించిన పరిశోధన, దక్షిణాసియాలోనే ఆ ఒక్క పేరు కింద అనేక జాతులు కలిసిపోయి ఉన్నాయని తేల్చింది. ఫొటో, చోటు, తేదీ ఉన్న పాత నమోదులను ఇప్పుడు మళ్ళీ తీసి చూసి, సరైన జాతి కిందకు మార్చుకోవడానికి వీలుంది. తొండ ఉందని మాత్రమే చెప్పే జాబితాకు ఆ అవకాశం లేదు.

ఎక్కడ, ఏ జీవులతో మొదలుపెట్టాలి

ముందుగా మీ జాబితాకు హద్దులు గీయండి. ‘హైదరాబాద్ పరిసరాలు’ అనేది హద్దు కాదు. పటం మీద గీత గీసి చూపగలిగినదే హద్దు: ఫలానా చెరువు నీరు, దాని కట్ట, చుట్టూ ఉన్న నిర్దిష్ట భూమి. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన అమీన్‌పూర్ చెరువు కావచ్చు, ఖాజాగూడ రాళ్ళ గుట్టలు కావచ్చు, మీ కళాశాల ఆవరణే కావచ్చు. చోటు ఎంత చిన్నదైతే అంత తరచుగా తిరగగలుగుతారు. ఏడాదికొకసారి వెళ్ళే పెద్ద అడవి కంటే వారం వారం చూడగలిగే చిన్న చెరువు జాబితా సంపూర్ణతకు దగ్గరగా వస్తుందని నా అభిప్రాయం.

తరువాత జీవసమూహాన్ని ఎంచుకోవాలి. అన్నిటినీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ కుదురుగా సాగదు. పక్షులు, సీతాకోకచిలుకలు, తూనీగలు మొదటి సంవత్సరానికి అనువైనవి, ఎందుకంటే వీటిలో ఎక్కువ జాతులను పట్టుకోకుండానే, మంచి ఫొటోతో లేదా బైనాక్యులర్‌తో గుర్తించవచ్చు. మంచి సచిత్ర గ్రంథాలూ దొరుకుతాయి. కప్పలు, బల్లులు, పాములు రెండో అడుగు. సాలీళ్ళు, రాత్రి తిరిగే చిమ్మట పురుగులు, పేడపురుగులు, మంచినీటి సూక్ష్మజీవులు ఎంతో ఆసక్తికరమైనవే కాని, సూక్ష్మదర్శిని లేకుండా వాటిలో జాతి స్థాయి దాకా వెళ్ళడం కష్టం.

బయలుదేరే ముందు ఆ ప్రాంతానికి ఇంతకుముందు తయారైన జాబితాలు సేకరించండి. 1931లో నిజాం ప్రభుత్వ సహాయంతో సలీం అలీ హైదరాబాద్ సంస్థానమంతటా పక్షుల సర్వే చేశారు. అటువంటి పాత రికార్డులో ఉండి మీకు కనిపించని జాతి, మీరు కొత్తగా చూసిన జాతి ఎంత ముఖ్యమో అంతే ముఖ్యం. అయితే పాత రికార్డులను మీ పరిశీలనలతో కలిపేయకూడదు. మూలాన్నీ సంవత్సరాన్నీ చూపుతూ వేరుగా ఉంచాలి.

రుతువుల గురించి కొంత ముందుచూపు అవసరం. జూన్‌లో తొలకరి పడిన రాత్రులలో కప్పల అరుపులు వినకపోతే వాటిలో కొన్నింటిని మళ్ళీ ఏడాది దాకా చూడలేరు. వర్షాకాలం నడుమ నుంచి చివరి దాకా సీతాకోకచిలుకలు, చిమ్మటలు విరివిగా కనిపిస్తాయి. వలస బాతులు, ఉల్లంకి పిట్టలు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, మంజీరా జలాశయాల వద్ద కనిపిస్తాయి. కాబట్టి నాలుగు కాలాలు చూడకుండా తయారైన జాబితాను ‘పూర్తి’ అనే మాటతో ప్రకటించకండి.

చట్టం విషయం కూడా ఇక్కడే చెప్పాలి. కేబీఆర్ పార్కు, చిలుకూరు దగ్గరి మృగవని, వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి, ఈ మూడూ చట్టరీత్యా జాతీయ ఉద్యానవనాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూళ్ళలో ఉన్న జంతువులను అనుమతి లేకుండా పట్టడం, ఉంచుకోవడం ఎక్కడైనా నేరమే. చచ్చి పడి ఉన్నవాటి చర్మం, గుడ్లు, గోళ్ళు ఇంటికి తెచ్చుకోవడం కూడా ఇబ్బందుల్లో పడేస్తుంది. పరిశోధన కోసం నమూనాలు సేకరించాలంటే అటవీ శాఖ నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఔత్సాహికులు ఫొటో, శబ్దం, నోట్సు అనే మూడింటికే పరిమితం కావడం మంచిది. ఈ మూడూ సరిగ్గా చేస్తే చాలావరకు సరిపోతాయి.

కనిపించిన చోటనే రాయవలసినవి

ఈ వ్యాసంలో దేన్నైనా గట్టిగా పట్టుకోవాలంటే ఈ భాగాన్ని పట్టుకోండి. గుర్తింపులో పొరపాటు జరిగితే తరువాత దిద్దుకోవచ్చు, కాని చోటు, తేదీ రాసుకోకపోతే ఆ లోటును ఎవరూ పూడ్చలేరు.

అనంతపురం జిల్లా గుత్తి పేరుతో ప్రపంచమంతా ప్రసిద్ధి పొందిన నీలిరంగు సాలీడు ఒకటుంది. ‘పీసిలోథీరియా మెటాలికా’ అనే ఆ జాతిని 1899లో పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వర్ణించాడు. ఆయనకు ఆధారమైన ఒకే ఒక్క నమూనా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికింది. ఆ తరువాత వంద సంవత్సరాల పాటు ఆ సాలీడు ఎవరికీ కనిపించలేదు. 2001లో అది మళ్ళీ దొరికినది గుత్తికి చాలా దూరాన, నంద్యాల, గిద్దలూరుల నడుమ ఉన్న అడవిలో. కలపతో పాటు రైలెక్కి వచ్చిన సాలీడుకు, అది దిగిన ఊరి పేరు నిలిచిపోయిందన్నమాట. ‘కలప డిపో’ అనే చిన్న వివరం రికార్డులో ఉండబట్టే, ఆ జీవి అసలు నివాసం వేరేచోట ఉండవచ్చన్న ఊహకు తావు దొరికింది.

హైదరాబాద్‌లో ఇటువంటి సందర్భాలు రోజూ ఎదురవుతాయి. రాంనగర్ చేపల మార్కెట్‌లో చూసిన చేప ఏ తీరం నుంచి, ఏ జలాశయం నుంచి వచ్చిందో అమ్మేవారిని అడిగి రాయకపోతే అది హైదరాబాద్ రికార్డు కాదు, మరే చోటి రికార్డూ కాదు. నర్సరీ మొక్కల కుండీలో కనిపించిన బల్లి, ఇసుక లారీలో వచ్చిన పాము, పంజరం నుంచి తప్పించుకున్న చిలుక, ఎవరో చెరువులో వదిలిన అక్వేరియం చేప, వీటిని రాయవద్దని కాదు. ఏ పరిస్థితిలో కనిపించాయో తప్పక రాయాలి.

ప్రతి పరిశీలనకూ రాయవలసిన వివరాలు ఇవి. తేదీలో నెలను అక్షరాలలో రాయండి, లేకపోతే 3/8 అన్నది మార్చి ఎనిమిదా, ఆగస్టు మూడా అన్న సందేహం వస్తుంది. సమయం రాయండి. చోటును ముందు మాటల్లో, తరువాత అక్షాంశ రేఖాంశాలతో రాయండి. ఫోనులోని మ్యాపు ఇచ్చే సంఖ్యలలో దశాంశ బిందువు తరువాత నాలుగు అంకెలుంటే దాదాపు పదకొండు మీటర్ల దాకా చోటు తెలుస్తుంది. రెండే అంకెలుంటే కిలోమీటరుకు పైగా అటూ ఇటూ కావచ్చు. నివాసం ఏమిటో రాయండి: రాతి పగులా, తుమ్మ చెట్టు బెరడా, గుర్రపుడెక్క నిండిన నీరా, వీధి దీపమా. ఎన్ని కనిపించాయి, ఏం చేస్తున్నాయి, మగదా ఆడదా పిల్లదా అన్నది తెలిసినంత మేరకు రాయండి. చూసినవారి పేరు, ఫొటో తీసినవారి పేరు వేరైతే రెండూ రాయండి. పెన్సిలుతో గాని, తడికి చెరగని సిరాతో గాని రాయడం వర్షాకాలపు హైదరాబాద్‌లో ఎంతో అవసరం.

స్థానికులు ఆ జీవిని ఏమని పిలుస్తారో అడిగి రాయండి. పద్దెనిమిదో శతాబ్దం చివర విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రసెల్ కోరమాండల్ తీరపు పాముల గురించి రాసినప్పుడు, వాటికి ఇక్కడివారు వాడే తెలుగు పేర్లను కూడా తన చెవికి వినిపించినట్టు నమోదు చేశాడు. అంతకంటే మనకు దగ్గరి ఉదాహరణ కలివికోడి. 1848లో బ్లైత్ అనే శాస్త్రవేత్త వర్ణించిన ఈ పక్షి 1900 తరువాత కనిపించక, అంతరించిందనే భావించారు. 1986లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులకు కడప జిల్లా లంకమల ప్రాంతంలో అది మళ్ళీ దొరికింది, ఆ పొదల్లో రాత్రిపూట తిరిగే పిట్ట ఏదో తెలిసిన స్థానికుల సహాయంతో. పశువుల కాపరులు, చేపలు పట్టేవారు, తేనె తీసేవారు చెప్పినదాన్ని ‘విన్నది’ అని స్పష్టంగా గుర్తించి, వేరే గడిలో భద్రంగా రాసి ఉంచండి. మీరు చూసేదాకా అది జాబితాలోని జాతి కాదు. కాని ఎక్కడ వెతకాలో చెప్పేది తరచుగా అదే.

ఫొటోల విషయంలో అందం కంటే లక్షణాలు ముఖ్యం. ఒక్క చక్కని ఫొటో కంటే వేర్వేరు కోణాల నుంచి తీసిన సాధారణమైన నాలుగు ఫొటోలు ఎక్కువ పనికివస్తాయి. బల్లికైతే పైభాగం, పక్కభాగం, తల, వీలైతే కాలివేళ్ళ అడుగుభాగం. తూనీగకైతే పక్క నుంచి పొట్ట, రెక్కల మొదలు, తోక చివరి కొసలు. సీతాకోకచిలుకకు రెక్కల పైవైపు, కిందివైపు రెండూ. కప్పకైతే అరుపును ఫోనులో రికార్డు చేయడం ఫొటో కంటే విలువైనది కావచ్చు. పక్కన ఒక స్కేలును ఉంచితే పరిమాణం తెలుస్తుంది. ఇంకొక జాగ్రత్త: వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ ఫైలులో దాగి ఉండే సమయం, స్థలం వివరాలు తొలగిపోతాయి. గుంపు నుంచి ఫొటోలు సేకరించేవారు అసలు ఫైలునే పంపమని అడగాలి.

గుర్తించడం

చాలామంది పుస్తకం తెరిచి బొమ్మలు తిరగేస్తూ తమకు కనిపించినదానికి దగ్గరగా ఉన్న బొమ్మ దగ్గర ఆగిపోతారు. ఇలా చేస్తే తెలిసిన, బాగా ప్రచారంలో ఉన్న జాతులే మళ్ళీ మళ్ళీ జాబితాలోకి వస్తాయి. పై నుంచి కిందకు రావడం సరైన దారి: ముందు ఏ క్రమం, తరువాత ఏ కుటుంబం, అటుపైన ఏ ప్రజాతి, చివరికి ఏ జాతి. ప్రతి మెట్టు దగ్గరా ‘ఇది ఎందుకు ఆ రెండోది కాదు’ అనే ప్రశ్నకు కనిపించే లక్షణంతో జవాబు చెప్పగలగాలి. శాస్త్రగ్రంథాలలో ఉండే నిర్ధారణ సూచికలు ఇదే పని చేస్తాయి. ప్రతి మెట్టులో రెండు ఎదురెదురు లక్షణాలిచ్చి, ఒకదాన్ని ఎంచుకోమంటాయి. వాటిని వాడేటప్పుడు అవి ఏ ప్రాంతానికి, ఏ సంవత్సరంలో రాసినవో చూడండి. మరో ప్రాంతపు సూచికలో మన జాతి లేకపోతే, అది తప్పకుండా తప్పు పేరు దగ్గరకే తీసుకువెళుతుంది.

హైదరాబాద్‌లో ఎక్కడైనా కనిపించే ఒక ఉదాహరణ చూద్దాం. నారింజ రంగు రెక్కలకు నల్లని కొసలు, వాటి మీద తెల్లని మచ్చలు ఉన్న సీతాకోకచిలుక కనిపిస్తే ఎక్కువమంది ‘ప్లెయిన్ టైగర్’ అని రాసేస్తారు. దాని గొంగళిపురుగు జిల్లేడు తిని పెరగడం వల్ల ఆ జీవికి చేదు, విషగుణం వస్తాయి. పక్షులు దాన్ని వదిలేస్తాయి. ‘డనాయిడ్ ఎగ్‌ఫ్లై’ అనే వేరొక ఉపకుటుంబపు సీతాకోకచిలుకలో ఆడది అచ్చం ఆ రూపాన్నే పొంది రక్షణ పొందుతుంది. దాని గొంగళిపురుగు తినేది గంగవాయిలి కూర. రెండింటినీ వేరుచేయడానికి వెనుక రెక్క చూడాలి. ప్లెయిన్ టైగర్‌కు ఆ రెక్క నడుమ మూడు లేదా నాలుగు నల్లని చుక్కలుంటాయి. నాలుగో చుక్క మగదానికే ఉంటుంది. ఎగ్‌ఫ్లై ఆడదానికి వెనుక రెక్క ముందంచున ఒకటే నల్లమచ్చ ఉంటుంది. ఎగ్‌ఫ్లై మగదైతే పూర్తిగా వేరు: నల్లని రెక్కల మీద పెద్ద తెల్లని మచ్చలు. వెనుక రెక్క కనిపించని ఫొటో నుంచి ఈ రెండింటిలో ఏదో నమ్మకంగా చెప్పడం కష్టం.

పాముల విషయంలో పొరపాటు ప్రాణం మీదకు వస్తుంది. కట్లపాము తీవ్రమైన విషం గలది. ‘వుల్ఫ్ స్నేక్’ అనే చిన్న పాము విషం లేనిది, ఇళ్ళల్లో తరచుగా కనిపించేది. రెండింటికీ ముదురు ఒంటి మీద లేత పట్టీలుంటాయి. కట్లపాములో ఆ పట్టీలు సన్నగా, చాలాసార్లు జంటలు జంటలుగా ఉండి, మెడ వైపు మసకబారడమో లేకపోవడమో జరుగుతుంది. వుల్ఫ్ స్నేక్‌లో తల వెనుక నుంచే స్పష్టంగా మొదలై తోక వైపు మసకబారతాయి. అంతకంటే నమ్మదగిన లక్షణం వెన్ను మీది పొలుసుల వరుస: కట్లపాముకు నడివెన్ను పొలుసులు పక్కవాటికంటే పెద్దవిగా, ఆరు భుజాలతో ఉంటాయి. వీటిని దూరం నుంచి తీసిన ఫొటోను పెద్దది చేసి చూడాలే కాని, దగ్గరకు వెళ్ళి పరీక్షించకూడదు. విడిచిన కుబుసం దొరికితే దాని మీద పొలుసులను ప్రశాంతంగా లెక్కించవచ్చు. అక్కడే చదునుగా పరచి ఫొటో తీసుకోండి. ఇంట్లోకి వచ్చిన పామును మీరే గుర్తించి నిర్ణయం తీసుకోవద్దు. నగరంలో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి శిక్షణ పొందినవారు ఉన్నారు.

ఉడుతలకు వెన్ను మీది చారలు లెక్కించాలి: మూడైతే ఒక జాతి, ఐదైతే మరొకటి. కాకులలో మెడ బూడిదరంగులో ఉన్నది ఊరకాకి, ఒళ్ళంతా నలుపై ముక్కు బలంగా ఉన్నది బొంతకాకి. ఇటువంటివి త్వరగా అలవాటవుతాయి.

ఫొటోతో తేలనివి కూడా చాలా ఉన్నాయి, వాటిని ఒప్పుకోవడం జాబితాకు గౌరవం. చెరువుగట్టున గెంతే చిన్న గోధుమరంగు కప్పలలో కొన్నింటిని అరుపు లేకుండా, డీఎన్‌ఏ లేకుండా వేరుచేయలేరు. చాలా సాలీళ్ళలో, చిమ్మటలలో జాతిని నిర్ణయించేది జననాంగాల నిర్మాణం. చిన్న గబ్బిలాలకు పుర్రె, పళ్ళ కొలతలు కావాలి. అటువంటప్పుడు ప్రజాతి పేరు రాసి, దాని పక్కన జాతి తెలియదని సూచించే ‘ఎస్‌పీ.’ అనే గుర్తు పెట్టి ఆగండి. ఒక జాతిని పోలి ఉందికాని నిర్ధారణ కాలేదంటే ‘సీఎఫ్.’ అని రాసే ఆనవాయితీ శాస్త్రవేత్తలలో ఉంది. ‘తెలియదు’ అన్న మాట ఉన్న జాబితాను నేను ఎక్కువ నమ్ముతాను.

డీఎన్‌ఏ ద్వారా గుర్తింపు గురించి తరచుగా అడుగుతారు. జంతువులలో సాధారణంగా మైటోకాండ్రియాలోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 650 అక్షరాల ముక్కను చదివి, ముందే నిర్ధారించిన నమూనాల వరుసలతో పోలుస్తారు. 2003లో పాల్ హెబర్ట్ బృందం ప్రతిపాదించిన ఈ పద్ధతికి డీఎన్‌ఏ బార్‌కోడింగ్ అని పేరు. మన అత్తాపూర్‌లోనే, కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ అయిన సీసీఎంబీకి చెందిన లాకోన్స్ అనే, అంతరించే ప్రమాదంలో ఉన్న జీవుల సంరక్షణ ప్రయోగశాల ఉంది. మాంసం ముక్క, వెంట్రుక వంటి వాటి నుంచి ఏ జంతువుదో చెప్పే విధానాన్ని అక్కడి శాస్త్రవేత్తలు అభివృద్ధి చేశారు, వేట కేసులలో అది ఎంతో ఉపయోగపడింది. అయితే పోల్చడానికి వాడే వరుసకు తప్పు పేరు పెట్టి ఉంటే, ఫలితం కూడా తప్పే వస్తుంది. అంటే డీఎన్‌ఏ వరుస వెనక కూడా చోటు, తేదీ తెలిసిన నమూనా ఒకటి ఉండితీరాలి.

ఐనాచురలిస్ట్, ఈబర్డ్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ వంటి వేదికల మీద పెడితే అనుభవజ్ఞులు చూసి దిద్దుతారు. ఐనాచురలిస్ట్‌లో గుర్తింపు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు మించి ఏకీభవిస్తే ఆ పరిశీలనకు ‘రీసెర్చ్ గ్రేడ్’ అనే హోదా వస్తుంది. దాన్ని తుది తీర్పుగా తీసుకోకండి; ఇద్దరు కొత్తవారు కలిసి తప్పు చెప్పినా ఆ హోదా రావచ్చు. కంప్యూటర్ సూచించే పేరును కూడా వెతకడానికి మొదటి మెట్టుగా మాత్రమే వాడాలి. నిపుణులను అడిగేటప్పుడు ఇదేమిటని అడగడం కంటే, ‘ఈ లక్షణం వల్ల ఫలానా జాతి అనుకుంటున్నాను, ఈ మరో జాతి కాదని ఎలా తేల్చుకోవాలి’ అని అడిగితే వారు ఎంతో ఓపికగా నేర్పుతారు.

శాస్త్రీయ నామాన్ని రాయడం

జంతువుల శాస్త్రీయ నామాలకు ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. 1758లో లినేయస్ వెలువరించిన వర్గీకరణను ఆ పేర్లకు ప్రారంభంగా తీసుకుంటారు. ఇప్పుడు అమలులో ఉన్న నాలుగో కూర్పు 2000 జనవరి 1 నుంచి వర్తిస్తోంది. మొదట ప్రజాతి, తరువాత జాతి, ఆపైన వర్ణించినవారి పేరు, సంవత్సరం. ఒకే జాతికి రెండు పేర్లు పెట్టి ఉంటే సాధారణంగా ముందు పెట్టినదే నిలుస్తుంది. వర్ణించినవారి పేరు కుండలీకరణాలలో ఉంటే, ఆయన ఆ జాతిని వేరొక ప్రజాతిలో పెట్టాడని, తరువాత మార్చారని అర్థం. మన ఇళ్ళ దగ్గరి గోదురు కప్పను పాత పుస్తకాలు ‘బ్యూఫో మెలనోస్టిక్టస్’ అనేవి. ఇప్పుడు ‘డట్టాఫ్రైనస్ మెలనోస్టిక్టస్ (ష్నైడర్, 1799)’ అని రాస్తారు. ఈ మార్పు తెలియనివారు పాత జాబితానూ కొత్త జాబితానూ కలిపితే ఒకే కప్ప రెండు జాతులుగా లెక్కకు వస్తుంది. అందువల్ల మీరు ఏ ప్రామాణిక జాబితాను, దాని ఏ సంవత్సరపు కూర్పును అనుసరించారో ఒక వాక్యంలో తప్పక ప్రకటించండి.

పట్టికగా పేర్చడం

ఎక్సెల్ లేదా గూగుల్ షీట్ సరిపోతుంది. అయితే ఒక్కొక్క జాతికి ఒక్కొక్క వరుస పెట్టే అలవాటు మానుకోవాలి. ఒక్కొక్క పరిశీలనకు ఒక వరుస ఉండాలి; జాతుల జాబితాను ఆ వరుసల నుంచి తయారు చేసుకోవాలి. ప్రతి వరుసకూ ఒక సంఖ్య, అదే సంఖ్య ఫొటో ఫైలు పేరులో కూడా ఉండాలి. పైన చెప్పిన క్షేత్ర వివరాలకు తోడు మరో నాలుగు గడులు చేర్చండి: ఎవరు గుర్తించారు, ఎప్పుడు గుర్తించారు, ఏ లక్షణం ఆధారంగా గుర్తించారు, ఎంత నమ్మకం. గుర్తింపు మారినప్పుడు పాతదాన్ని చెరపకుండా కొత్తదాన్ని తేదీతో పక్కన చేర్చండి. సంగ్రహాలయాలలో నమూనాలకు పాత చీటీ మీద కొత్త చీటీ కట్టడం ఇందుకే.

బయటి నుంచి వచ్చి స్థిరపడిన జాతులకు విడి గుర్తు ఉండాలి. అక్వేరియంల నుంచి చెరువులలోకి చేరిన సక్కర్ క్యాట్‌ఫిష్, ఎర్రచెవి తాబేలు వంటివి స్థానిక జాతుల లెక్కలో కలిస్తే, ఆ చెరువు ఆరోగ్యం గురించి తప్పు అభిప్రాయం కలుగుతుంది.

వెళ్ళిన ప్రతిసారీ ఎంతసేపు, ఎంత దూరం, ఎంతమంది చూశారో కూడా రాయండి, ఏమీ కనిపించని రోజుతో సహా. నాలుగు గంటలు వెతికినా కనిపించని జాతికీ, అసలు వెతకని జాతికీ తేడా తెలిసేది ఈ వివరం వల్లనే.

నక్షత్ర తాబేలు, అలుగు, గూడు కట్టిన గుడ్లగూబ వంటి, వేటకో వ్యాపారానికో గురయ్యే జీవుల కచ్చితమైన చోటును బహిరంగంగా పెట్టకండి. మీ పట్టికలో పూర్తి వివరం ఉంచుకొని, ప్రచురించే ప్రతిలో మండలం పేరు వరకే ఇవ్వండి.

కొత్త జాతి అనిపిస్తే

రాతి గుట్టలున్న మన ప్రాంతంలో ఇది అసాధ్యమేమీ కాదు. 2020లో హెమిడాక్టైలస్ ప్రజాతికి చెందిన రెండు కొత్త రాతి బల్లులను తెలంగాణ నుంచే వర్ణించారు. అయినా, మీ పుస్తకంలో లేనంత మాత్రాన అది శాస్త్రానికి కొత్తది కాదు. ఎక్కువసార్లు అది తెలిసిన జాతిలోని పిల్లదో, రంగు తేడాదో, ఇక్కడ ముందు నమోదు కానిదో అవుతుంది. ఈ చివరిది కూడా విలువైన సంగతే. కొత్త జాతిని ప్రతిపాదించాలంటే ఆ ప్రజాతిలోని జాతులన్నిటి మూల వర్ణనలతో, వీలైతే మూల నమూనాలతో పోల్చాలి. పేరుకు ఆధారంగా ఒక నమూనాను నిర్ణయించి ప్రచురించాలి. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్తగా కనుగొన్న జాతి వివరాన్ని తెలియజేసి, నమూనాను ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో ఉంచాలి. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అటువంటి భాండాగారాలలో ఒకటి. ఇది ఒంటరిగా చేసే పని కాదు. మీ ఫొటోలు, చోటు వివరాలు తీసుకొని ఆ సమూహం మీద పనిచేసే పరిశోధకులను సంప్రదించండి. మంచినీటి జీవుల విషయంలో ఆ సంస్థ ప్రాంతీయ కేంద్రం అత్తాపూర్‌లోనే ఉంది.

ఎక్కడ చేర్చాలి

జాబితా ఒక దశకు వచ్చాక దాని ప్రతిని మీ స్థానిక సంస్థ పరిధిలోని జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి ఇవ్వండి. ఆ కమిటీలు తమ పరిధిలోని జీవజాలాన్ని ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో నమోదు చేయాలని చట్టమే చెబుతోంది. మీ వరుసలు, ఫొటో సంఖ్యలతో సహా అందులోకి చేరితే చెరువు భూమి గురించి ఏదైనా నిర్ణయం జరిగే రోజున చూపించడానికి కాగితం ఉంటుంది. పరిశీలనలను పైన చెప్పిన వేదికలలోనూ పెట్టండి, అక్కడి నుంచి పరిశోధకులు తీసుకుంటారు. ప్రచురించే ప్రతి మీద కూర్పు సంఖ్య, తేదీ వేయండి. అసలు ఫొటోలను, పట్టికను రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, వాటిలో ఒకటి మీ ఇంట్లో కాకుండా చూసుకోండి. క్షేత్ర నోటుపుస్తకాలను మాత్రం, కంప్యూటర్‌లోకి ఎక్కించిన తరువాత కూడా, పారవేయకండి.